అత్తగారి కాఫీకి వయొలిన్

ఆదివారం పొద్దున్నే చర్చిలో దివ్యపూజకు వెళ్ళడానికి తెరేసమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటుంటే ఫోన్ మోగింది. ఇబ్రహీంపట్నం నుంచి ఆడపడుచు శౌరమ్మ. హలో అనకముందే ఏడుపు.

"ఇంత కష్టం కడుపులో పెట్టుకుని మాకొక్క మాట చెప్పలేదే వదినా! మా ఇంటికొచ్చెయ్. నేనింకా బతికే ఉన్నాను."

"ఏం కష్టం శౌరమ్మా?"

"ఇంకా దాస్తావేంటి? నిన్న టీవీలో నిన్ను చూసి ఇంటిల్లిపాదీ ఏడ్చాం."

తెరేసమ్మకు వింతగా అనిపించింది. పోయిన వారం ఒక లోకల్ చానల్ వాళ్ళు 'మన ఇంటి పెద్దలు' అనే కార్యక్రమం కోసం వచ్చి తనను మాట్లాడించి వెళ్ళిన మాట నిజమే. అది వచ్చే వేళకు వీధిలో కరెంటు పోయి ఇంట్లో ఎవరూ చూడలేదు. తను చెప్పిందల్లా రోజు ఎలా గడుస్తుందో, అంతే. అందులో అంతమంది ఏడవడానికి ఏముంది? ఏ విషయమైనా అంతు చూడందే ముద్ద దిగని మనిషి ఆమె. గబగబా హాల్లోకి వచ్చింది.

అప్పటికే తనకూ ఫోన్లు రావడంతో కొడుకు ఫిలిప్ ఆ కార్యక్రమాన్ని యూట్యూబ్‌లో వెతికి టీవీలో పెట్టాడు. పక్కనే కోడలు కృప నిలబడి చూస్తోంది.

"పొద్దున్నే లేస్తాను. నా కాఫీ నేనే పెట్టుకుంటాను. కోడలు బెంజ్ సర్కిల్‌లో ఆఫీసుకి, అబ్బాయి ఆటోనగర్‌లో షాపుకి వెళ్ళిపోతారు. మధ్యాహ్నం ఒక్కదాన్నే తింటాను" అని తెర మీది తెరేసమ్మ చెబుతోంది. మాటమాటకీ వెనక వయొలిన్ గుండె కోసేస్తోంది. 'ఒక్కదాన్నే' అన్నచోట ఎవరో ఆడమనిషి ఆలాపన అందుకుంది. అంతలో తెర మీద కృప హ్యాండ్‌బ్యాగ్ తగిలించుకుని గదిలోంచి బయటికొచ్చింది. ధడేల్! ధడేల్! ధడేల్! మూడుసార్లూ తెర నిండా ఆ పిల్ల ముఖమే. పాపం, బస్సుకు టైమైందని గడియారం చూస్తోందంతే. చూసేవాళ్ళకు మాత్రం అత్తగారి అన్నంలో ఏదో కలిపి వచ్చినట్టుంది.

విచిత్రమేమిటంటే, తెరేసమ్మకే కళ్ళు చెమర్చాయి. ఆ ముసలావిడ మీద జాలేసింది. ఆ ముసలావిడ తనేనని గుర్తొచ్చి నవ్వబోయేంతలో ఫిలిప్ గొంతు లేచింది.

"చూశావా కృపా? మా అమ్మకు ఒక్క కప్పు కాఫీ ఇవ్వడానికి నీకు తీరిక లేదు. ఊరంతా నా ముఖాన ఉమ్మేస్తోంది!"

కృప గదిలోకి వెళ్ళి బ్యాగులో బట్టలు సర్దడం మొదలుపెట్టింది. ఈ పిల్ల అలిగి గడప దాటితే తనంతట తను వెళ్ళి పిలుచుకొచ్చే రకం కాదు ఫిలిప్. వాడి పట్టుదల తెరేసమ్మకు తెలియనిదా! వెనకే పరుగెత్తింది.

"ఎక్కడికే?"

"అమ్మవాళ్ళింటికండి అత్తయ్యా."

"వాడేదో వాగాడని..."

"ఆయన అన్నందుకు కాదండి." కృప ఏడుస్తూనే ఇంకో చీర బ్యాగులో కుక్కింది. "నేనూ చూశాను కదా. ఇంత రాక్షసినా నేను అనిపించింది. పెళ్ళయినప్పట్నుంచీ నాకు తెలియకుండానే మిమ్మల్ని ఏడిపిస్తున్నానేమో!"

ఆడపడుచు నమ్మింది, సరే. కొడుకు నమ్మాడు, సరే. ఏ తప్పూ చేయని పిల్ల కూడా తప్పు తనదేనని నమ్మేసిందే! ఆ వయొలిన్‌లో ఏం మాయ ఉందో తేల్చాలనిపించింది తెరేసమ్మకు. కోడలి చెయ్యి పట్టుకుని హాల్లోకి లాక్కొచ్చింది.

"ఒరే ఫిలిప్, మధ్యాహ్నం అన్నం ఎక్కడ తింటావురా?"

"ఇప్పుడదెందుకమ్మా?"

"అడిగినదానికి చెప్పు."

"షాపులో."

తెరేసమ్మ గొంతు సవరించుకుంది. చనిపోయినవాళ్ళ కోసం సమాధుల దగ్గర తను పాడే పాట రాగాన్ని మెల్లగా తీసింది. "ఊఁ... ఊఁ... ఎవరితో తింటావురా?"

"ఎవరితో ఏంటి? ఒక్కడినే. చల్లారిపోయిన క్యారియర్..."

రాగం పైకి లేచింది. "అయ్యో నా తండ్రీ! నీ పెళ్ళాం నిన్నెంత రాచి రంపాన పెడుతోందిరా!"

కృపకు ఏడుపులోనే నవ్వొచ్చింది. ఫిలిప్ నవ్వలేదు. తన మాటే తనకు జాలిగా వినిపించి బిత్తరపోయాడు.

"నా కాఫీ ఇంకెవరు పెట్టినా నాకు దిగదు. మీ నాన్న పెట్టినా వంక పెట్టేదాన్ని. ఆ సంగతే చానల్ వాళ్ళకు గొప్పగా చెప్పుకున్నాను" అంది తెరేసమ్మ. ఆమెకు నిజంగానే కోపం వచ్చింది. "ఊళ్ళోవాళ్ళు టీవీ చూసి నమ్మారంటే అర్థముంది. నువ్వు ఈ ఇంట్లోనే ఉన్నావుగా? అమ్మ బాగుందో లేదో నీకు టీవీ చెప్పాలా? పక్క గదిలోనే ఉన్నాను, వచ్చి అడగొచ్చుగా?"

ఫిలిప్ టీవీ కట్టేశాడు. భార్య వైపు తిరిగాడు.

"తప్పు నాదే కృపా. నిన్ను రోజూ చూస్తూ కూడా ఆ చప్పుడునే నమ్మాను."

"ఇంకోసారి అలా అరిస్తే మాత్రం నిజంగానే వెళ్ళిపోతానండి" అంది కృప కళ్ళు తుడుచుకుంటూ.

ఫిలిప్ వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు. ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు.

"బాగున్నావా అమ్మా?"

వెనక ఏ వయొలిన్ మోగలేదు. వాడిలా పక్కన కూర్చుని అడిగి ఎన్నాళ్ళయిందో తెరేసమ్మకు గుర్తు రాలేదు.

"బాగానే ఉన్నానురా" అంది. "అడిగావు చూడు, ఏడుపు ఇప్పుడొస్తోంది."