కాలర్ల దగ్గర ఆగిపోయిన పేరు

పొద్దున్నే బెగాయిమ్ తలగుడ్డ సరిచేసుకుని, గుమ్మం పక్కన తన చోట కూర్చుని, ముందు అత్తగారికి, తర్వాత భర్త ఎర్మెక్‌కి గిన్నెల్లో టీ పోసి అందించింది. కిర్గిజ్ పట్నం కరకోల్‌లో ఏ ఇంట్లోనైనా కోడలు కూర్చునే చోటు అదే. ఇంకో గంటలో కుట్టుపని గదికి వెళ్ళి, ఆ అత్తగారికే ఆమె పని పురమాయించాలి. ఎలాగో మాత్రం తెలియడం లేదు.

పనిలో చేరి నెల కూడా కాలేదు. చేర్పించింది అక్కడే ఏళ్ళుగా కుడుతున్న అత్తగారే. నిన్న యజమానురాలు గుల్సున్‌కు ఓష్ ఊరి నుంచి తల్లి మంచాన పడిందని కబురు వచ్చింది. బయల్దేరుతూ తాళాలు తెచ్చి బెగాయిమ్ చేతిలో పెట్టింది.

"నాకెందుకక్కా? అందరికంటే చిన్నదాన్ని."

"మిగతావాళ్ళంతా ఎప్పుడో ఒకప్పుడు పోట్లాడుకున్నవాళ్ళే. నీకింకా ఆ తీరిక దొరకలేదు," అంది గుల్సున్ సంచి సర్దుకుంటూ. "బడులు తెరిచేలోగా పిల్లల చొక్కాలు అందాలి. అంతే."

అది మెచ్చుకోలో కాదో బెగాయిమ్‌కు ఇప్పటికీ అర్థం కాలేదు.

"ఇంట్లో ఇద్దరు పెద్దలయ్యారు. ఇక నేనెవరి మాట వినాలి?" అన్నాడు ఎర్మెక్ టీ గిన్నె అందుకుంటూ.

"ఇన్నాళ్ళూ ఎవరి మాట విన్నావురా? టీ తాగు," అంది అత్తగారు.

కుట్టుపని గదిలో గుల్సున్ ఎప్పుడూ పేర్లు పిలిచేది కాదు. వేలితో చూపించి పని చెప్పేది. అలా వేలు చూపడం బెగాయిమ్‌కు మనస్కరించలేదు. మిషన్ల మధ్య నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచింది.

"జేబులు రహీమా అక్క. చేతులు జిబెక్. గుండీలు తుర్సునాయ్ అక్క. కాలర్లు..."

కాలర్లు అత్తగారివే. ఆ వంపు ఇంకెవరికీ అంత చక్కగా రాదు. కానీ పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఆవిడ పేరు బెగాయిమ్ పెదవి దాటలేదు. ఏ కోడలి పెదవీ దాటదు. పోనీ 'ఆపా' అందామా అంటే, ఇంట్లో అమ్మలా పిలిచే పిలుపుతో అందరి ముందూ పని చెప్పినట్టవుతుంది. అత్తగారు కళ్ళజోడు సర్దుకుని ఆమెనే చూస్తోంది. బెగాయిమ్ చూపు తిప్పుకుంది. తర్వాత పక్కకు పిలిచి చెబుదాంలే అనుకుని, గబగబా ఇస్త్రీ పనికి వెళ్ళిపోయింది. ఈలోగా బట్టల కొట్టు నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడి తిరిగొచ్చేసరికి అత్తగారి కుర్చీ ఖాళీగా ఉంది.

"తీసేస్తే తీసేశావు గానీ పిల్లా, ఇంట్లోనే చెప్పి ఉండాల్సింది," అంది రహీమా.

"ఎవర్ని తీసేశాను?"

"అందరి పేర్లూ పిలిచి ఆవిడది ఒక్కటే వదిలేస్తే ఏమనుకుంటారు మరి?" అంటూనే రహీమా కాలరు గుడ్డల్ని తన బల్ల మీదికి లాక్కుంది. "వంకరగా వస్తే నన్ను తిట్టకు."

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అత్తగారు గుమ్మం పక్కన, కోడలి చోట కూర్చుని తన టీ తనే పోసుకుంటోంది. బెగాయిమ్ చటుక్కున టీ పాత్ర అందుకోబోయింది.

"లేవండి ఆపా, నేను పోస్తాను."

"ఎందుకమ్మా, పెద్దదానివి, నువ్వు పైన పెద్దల చోట కూర్చో. తాళాలు చేతికి రాగానే ముసలిదాని వేళ్ళు పనికిరాకుండా పోయాయి కదా."

"అమ్మా," అన్నాడు ఎర్మెక్.

"నువ్వుండరా. ఈ పిల్లని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది నేను. పదిమందిలో నన్ను లేనట్టు చేసింది."

"లేనట్టు చెయ్యలేదు ఆపా." బెగాయిమ్ నేల మీద కూలబడింది. "మీ పేరు నోటి దాకా వచ్చింది. నేనెలా పలకను? కోడల్నే కదా. అక్కడ ఎవరినో, ఇక్కడ ఎవరినో నాకు తెలియడం లేదు. తాళాలు తిరిగిచ్చేస్తాను."

అత్తగారు గిన్నె కింద పెట్టింది.

"పేరు పలకలేకనా?"

బెగాయిమ్ తలూపింది.

అత్తగారు మెల్లగా అంది: "మా అత్త పేరు నేనూ పలకలేదు. సమాధి మీద రాసినదాన్ని కూడా కళ్ళతోనే చదివి వచ్చేశాను. మీ మామ నన్ను 'ఎర్మెక్ తల్లీ' అనేవాడు. కుట్టుపని గదిలో వాళ్ళందరికీ అక్కని. మా అమ్మ పోయాక నా పేరు ఎవరి నోటా వినలేదు. పొద్దున నువ్వు అందరినీ పేరు పెట్టి పిలుస్తుంటే, నాదీ వస్తుంది, ఇప్పుడొస్తుంది అని చిన్నపిల్లలా కూర్చున్నాను."

బెగాయిమ్ కళ్ళ నీళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయింది.

"ఇంట్లో ఆపానే. అక్కడ కాలర్లు కుట్టేదాన్ని. పేరు పెట్టి పిలువు."

"ఇప్పుడా?"

"రేపు ఆగిపోకుండా."

బెగాయిమ్ ఎర్మెక్ వైపు చూసింది. అతను విననట్టుగా గోడ వైపు తిరిగాడు.

"కాలర్లు... అనార్‌కాన్ ఆపా."

అత్తగారు కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి తడిగా ఉన్నాయి.

"గట్టిగా. మిషన్ల మోతలో నాకు వినపడొద్దూ?"