మూడో షెడ్డులో పాలవాడు

చీకటి పడ్డాక మూడో షెడ్డు వైపు ఒంటరిగా ఎవరూ వెళ్లరు. విమానాల మైదానంలో పుట్టి పెరిగిన కుక్కలు కూడా ఆ గుమ్మం తొక్కవట. లోపల్నుంచి గొడ్డలితో నరుకుతున్న చప్పుడు వస్తుంది... టక్... టక్...

ఆ మైదానంలో ఉండే విమాన దళం పనే చిత్రమైంది. యుద్ధ విమానాలకి ఆకాశంలోనే పెట్రోలు పోస్తారు. పెద్ద విమానం తోక నుంచి పొడుగాటి గొట్టం వదిలితే, చిన్న విమానం వెనకాలే వచ్చి మూతి ఆనించి తాగిపోతుంది, ఆవు దగ్గరికి దూడ వచ్చినట్టు. అందుకే గొట్టం దగ్గర కూర్చునే మనిషిని పాలవాడు అంటారు.

వెనకటి యుద్ధంలో, తాగుతున్న విమానానికి తూటాలు తగిలి అంటుకుంది. మంట గొట్టం పట్టుకుని పైకి పాకింది. అలాంటప్పుడు మీట లాగితే కత్తి పడి గొట్టం తెగాలి. అప్పటి పాలవాడు లాగాడు. పడలేదు. గొడ్డలి అందుకున్నాడు... ఒళ్లు కాలుతున్నా నరుకుతూనే ఉన్నాడు. గొట్టం తెగింది, విమానం దిగింది. మూడో షెడ్డులో తోక తలుపు తీస్తే — బొగ్గైన చేతులు గొడ్డలికి అతుక్కుని ఉన్నాయి. వేళ్లు విరిస్తే గాని అది ఊడి రాలేదు.

దళం చరిత్ర చెక్కిన ఇత్తడి పలక మీద అతను వీరుడని ఉంది. కత్తిని పరీక్షించకుండానే ఎవరో సంతకం పెట్టారని మాత్రం లేదు.

ఏళ్లు గడిచాయి. మళ్లీ యుద్ధం. ఇప్పటి మెకానిక్‌కి సొంత అల్లుడే పాలవాడు. తెల్లారితే విమానం ఎక్కాలి.

భోజనాల దగ్గర అల్లుడు నవ్వుతూ అడిగాడు. "కత్తి చూశారా మామయ్యా?"

"నీకు చూడక ఇంకెవరికి చూస్తాను?"

మెకానిక్ మజ్జిగ పోసుకున్నాడు. చూడలేదు మరి. కత్తి ఒక్కసారి పడిందంటే, మళ్లీ ఎత్తి బిగించడానికి పూటంతా పడుతుంది. ఇన్నేళ్లుగా అవసరమే రాలేదు కదా అని... సంతకం పెట్టేశాడు.

అందరూ పడుకున్నాక చెప్పులేసుకున్నాడు.

"ఇప్పుడెక్కడికి?" అంది భార్య.

"కళ్లజోడు షెడ్డులో మర్చిపోయాను."

"అది నీ నెత్తి మీదే ఉంది."

అయినా వెళ్లాడు.

టక్... టక్... మూడో షెడ్డులో అల్లుడి విమానం తోక గదిలోకి అతను పాకగానే చప్పుడు ఆగిపోయింది. మాంసం మాడిన వాసన. చేతిలో టార్చి ఆరిపోయింది.

ఎవరో మణికట్టు పట్టుకున్నారు. పొయ్యి మీది పెనంలా కాలుతోంది ఆ చెయ్యి. వదిలించుకోలేకపోయాడు. అది అతని చేతిని ఈడ్చుకెళ్లి, గొట్టం ఉండే చోట — సరిగ్గా కత్తి కింద పెట్టింది.

"చూశావా...?" చెవి పక్కనే గుసగుస.

మీట కదిలింది. పై ప్రాణాలు పైనే పోయాయి. కత్తి పడలేదు.

మళ్లీ లాగింది... మళ్లీ...

"నీ చెయ్యి మిగిలింది. నీ అల్లుడు మిగలడు."

పట్టు వదిలింది. టార్చి దానంతటదే వెలిగింది. లోపల ఎవరూ లేరు. మణికట్టు మీద అయిదు వేళ్ల కాలిన అచ్చు. కత్తి చూస్తే తుప్పుతో గాడిలో బిగుసుకుపోయి ఉంది.

చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. తరవాత సామాను తెచ్చుకున్నాడు. తుప్పు గోకాడు, నూనె పోశాడు, పాత గొట్టం ముక్క పెట్టి మీట లాగాడు. రెండు ముక్కలైంది. కత్తి ఎత్తి మళ్లీ బిగించేసరికి తెల్లారింది.

మధ్యాహ్నం విమానం తిరిగొచ్చింది. తోకకి మూరెడు గొట్టమే మిగిలింది. అంచు నున్నగా తెగింది.

అల్లుడు దిగి ఎవరి వంకా చూడలేదు. మెకానిక్ దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"తాగుతున్న విమానం అంటుకుంది మామయ్యా. అందులో ఉన్నది నా నేస్తం. మంటల్లోంచి అద్దం బాదుతున్నాడు... నన్నే చూస్తున్నాడు. మీట మీద చెయ్యేశాను. లాగలేకపోయాను."

"మరి తెగిందిగా?"

"నేను లాగలేదు. నా చేతి మీద ఇంకో చెయ్యి పడింది." కుడిచెయ్యి ముందుకి చాపాడు. దాని మీద అయిదు వేళ్ల కాలిన అచ్చు.

మెకానిక్ తన చొక్కా చెయ్యి మణికట్టు దాకా కిందికి లాక్కున్నాడు.