డబ్బాలో గవ్వపొడి

ప్లాస్టిక్ కన్నా మొండిది ఈ లోకంలో ఏదైనా ఉంటే అది తన అత్తగారేనని సత్యవేణి అభిప్రాయం. ప్లాస్టిక్ ఐదారు వందల ఏళ్ళకైనా పొడిపొడి అవుతుందట. కాసులమ్మ విషయంలో శాస్త్రజ్ఞులు అలాంటి హామీ ఏదీ ఇవ్వలేదు. ఆవిడ ఒకసారి "చూడను" అంటే ఇక చూడదు. ఆరేళ్ళ కిందట ఆవిడ చూడనన్నది తీరదర్పణాన్ని.

తీరదర్పణం అంటే రేవు కూడలిలో నిలబెట్టిన రెండంతస్తుల తెర. ఒడ్డున దొరికిన ప్రతి ప్లాస్టిక్ ముక్క ఫోటో, దాని కింద పారేసినవాళ్ళ పేరు అందులో పడతాయి. దర్పణం ప్రభుత్వం పెట్టిన పేరు. ఊరు పెట్టుకున్న పేరు సిగ్గుగోడ. మొదటి ఏడాదే కాసులమ్మ పేరు పదకొండుసార్లు గోడెక్కింది. అన్నీ ఎండుచేపల సంచులే. అప్పట్నించీ ఆవిడ కూడలి దాటేటప్పుడు గోడ వైపు కొంగు అడ్డం పెట్టుకుంటుంది. ఆ పదకొండు ఫోటోలూ తీసింది సొంత కోడలే అన్న సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు, రోజుకి మూడుసార్లకు మించి.

సముద్రం రెండుసార్లు మింగాక వెనక్కి జరిగి మూడోసారి కట్టుకున్న ఊరు కొత్త సూరాడపేట. ఆ ఊరికి సత్యవేణి తీరసాక్షి. పెద్దాపురంలో పుట్టి, వృక్షశాస్త్రంలో డిగ్రీ చదివి, పడవల వాళ్ళింటికి కోడలిగా వచ్చిన మనిషి. పొద్దున్నే అన్నం వార్చి, జాడకన్ను మెడలో వేసుకుని ఒడ్డుకు బయల్దేరుతుంది. జాడకన్ను అరచేతిలో ఇమిడే కెమెరా. ఏ ప్లాస్టిక్ వస్తువుకైనా ఫ్యాక్టరీలోనే కంటికి కనబడని జన్మముద్ర పడుతుంది. కొన్నవాళ్ళ వేలిముద్ర దానితో ముడిపడిపోతుంది. కన్ను ఆ ముద్ర చదివి పేరు చెబుతుంది. అది చెత్తా కాదా అన్నది మాత్రం మనిషే చెప్పాలి. అందుకే సాక్షి. సాక్షి "చెత్త" అనగానే ఇసకలోంచి ఏరుడుపీతలు లేచి వస్తాయి. గంప సైజులో ఉండే యంత్రాలవి. వస్తువును గిట్టల్తో పట్టి, కడుపులో వేసుకుని నలిపేస్తాయి. ఈ ఏర్పాటు వచ్చాక తీరం అద్దంలా తయారైంది. సాక్షులందరిలోకీ మచ్చలేని సాక్షి సత్యవేణి అని జిల్లా మెచ్చుకుంది కూడా.

ఆ రోజు ఉదయం ఆరింటికి ఆమెకు పసుపుపచ్చని ఐదు లీటర్ల నూనె డబ్బా దొరికింది. మూత బిగించి ఉంది. మెడకు పాత కొబ్బరి తాడు, లోపల ఏదో గరగర. సత్యవేణి ఫోటోల్లో చెత్త కూడా పద్ధతిగా కనబడాలి. తాడు విప్పి పక్కకు విసిరేసింది. మూత తీసి లోపలిది ఇసకలో పారబోసింది. డబ్బాను నురగ అంచున నిలబెట్టి, వెనక ఎర్రటి సూర్యుడు పడేలా వంగి ఫోటో తీసింది.

"ఓలేటి కామేశు," అంది కన్ను.

కామేశు ఆమె మరిది. మరో ఇద్దరితో కలిసి వేటకెళ్ళి నాలుగు రోజులైంది. సాయంత్రానికి రావాలి. ఇంటి మనిషైనా వదలని సాక్షి అనిపించుకోవడంలో ఒక సుఖం ఉంటుంది. "చెత్త," అని ధ్రువీకరించి, ఫోటో కింద ఒక మాట చేర్చింది: సముద్రానికి నూనె పెట్టి తలంటిన మా మరిదిగారు. ఆమె ఇల్లు చేరేలోపే మూడు వందల మంది నవ్వారు.

పదింటికి రేవు ఆఫీసు నుంచి కబురొచ్చింది. కామేశు పడవలోని ఆనవాలుగుండె, అంటే పడవ ఎక్కడుందో ఒడ్డుకు చెబుతూ ఉండే యంత్రం, మూగబోయి అరవై గంటలైందట. అంతకన్నా ముందు కంగారు పడటానికి నిబంధనలు ఒప్పుకోవట. ఇప్పుడు నిబంధనల ప్రకారం కంగారు పడుతున్నారట.

కామేశు భార్య వరాలు గుమ్మంలోనే కూలబడింది. సత్యవేణి రేవు అధికారి ఫణీంద్రకు ఫోన్ కలిపి, అందరికీ వినబడేలా పెట్టింది.

"ఆరు గాలింపుగద్దల్ని పంపామండీ," అన్నాడు ఫణీంద్ర. గాలింపుగద్దలంటే సముద్రం మీద ఎగురుతూ వెతికే యంత్రాలు. "ఇంజన్ ఆగితే గాలికీ నీటిపాటుకీ పడవ ఉత్తరానికి కొట్టుకుపోతుంది. ఎంత దూరమో లెక్క వేసే పంపాం."

"దొరుకుతారా?"

"మంచినీళ్ళు నాలుగు రోజులకే పట్టుకెళ్ళారమ్మా. ఈ ఎండల్లో రేపటి దాకా అంటే..." అతను వాక్యం పూర్తి చేయలేదు. నిబంధనల్లో దానికి వాక్యం లేదు కాబోలు.

వరాలు తలెత్తి తోటికోడలి వైపు చూసింది. "సంబరంగా ఉందా అక్కా? పొద్దున్నే ఆయన్ని గోడెక్కించి ఊరందర్నీ నవ్వించేవు. అదే ఆఖరి బొమ్మయితే ఏం సేత్తావు?"

"ఏం బొమ్మ?" అంది కాసులమ్మ. ఆవిడ అంతవరకూ గోడకానుకుని కూర్చుంది.

"డబ్బా బొమ్మత్తా! నూనె డబ్బా. నీకు తెలీదు, నువ్వు సూడవుగా."

కాసులమ్మ మెల్లగా లేచింది. "ఏమే సత్తెవేణీ. మూతుందా దానికి?"

"ఉంది."

"తాడు?"

"ఉంది. కొబ్బరి తాడు."

"తాడుకి ముళ్ళెన్ని?"

"చూడలేదత్తయ్యా."

"లోపలేటుంది?"

"ఇసకనుకుంటా. పారబోశాను. ఫోటోకి... ఫోటోకి బావుంటుందని."

కాసులమ్మ కోడల్ని తిట్టలేదు. తిట్టి ఉంటే సత్యవేణికి కొంచెం ధైర్యం వచ్చేది.

"అది సెత్త కాదే," అంది ముసలావిడ. "కబురు. యంత్రాలు రాకముందు ఇంజను సచ్చిపోతే లంగరేసుకుని డబ్బాలొదిలేవోళ్ళు. ఎన్ని ముళ్ళుంటే అన్ని బారల లోతని." రెండు చేతులూ బారచాపి చూపించింది. "లంగరుకంటిన మట్టి డబ్బాలో ఏసేవోళ్ళు. లోతూ మట్టీ తెలిత్తే ఆ సోటేదో ముసిలోళ్ళకి తెలవదా? ఆడికి పదేళ్ళప్పుడు నేనే నేర్పేను. బుద్దిగా గుర్తెట్టుకున్నాడు నా కొడుకు."

ఫోన్ ఇంకా తెరిచే ఉంది. సత్యవేణి దాంట్లోకి అరిచింది. "ఫణీంద్ర గారూ, విన్నారా? వాళ్ళు కొట్టుకుపోలేదు. లంగరేసుకుని ఉన్నారు."

"లంగరు వేసుకుంటే అన్న గడి లెక్కలో లేదండీ."

"అందుకే చెబుతున్నాను!"

"అయినా ఎక్కడ వేసుకున్నట్టు? డబ్బా చూపించండి."

డబ్బా పీత కడుపులో నలిగి నాలుగు గంటలైంది. పొడిని పోటు ఎప్పుడో కడిగేసి ఉంటుంది.

"ఒకటే ఒదలరు. మూడొదుల్తారు," అంది కాసులమ్మ, చెప్పుల కోసం కాళ్ళతో తడుముకుంటూ. "పదండెహే."

సత్యవేణి జాడకన్నులో కామేశు పేరు వెతికింది. మనిషి కన్నా ముందు ఏరుడుపీతే చూసిన వస్తువు ఒకటి కనబడింది. రాళ్ళకట్ట అవతల, పసుపుపచ్చని డబ్బా. ఒకే ఇంటివాళ్ళది ఒకే రకం వస్తువు ఆ ఉదయం చెత్తగా ధ్రువపడింది కాబట్టి రెండోదానికి మళ్ళీ సాక్షిని అడగనక్కర్లేదని యంత్రం తనంతట తనే తేల్చుకుంది. సేకరణకు తొమ్మిది నిమిషాలు.

స్కూటర్ మీద ముగ్గురు ఆడవాళ్ళు రాళ్ళకట్ట దాకా వెళ్ళారు. అక్కణ్ణుంచి ఇసకలో పరుగు. వరాలు పడిపోయి లేచింది. కాసులమ్మ డెబ్బై రెండేళ్ళ వయసులో చీర మోకాళ్ళ పైకి దోపుకుని పరుగెత్తింది. పీత అప్పటికే డబ్బాను రెండు గిట్టల్తో ఎత్తేసింది. మూడో గిట్ట తాడును కత్తిరించి లోపలికి లాగుతోంది.

"ఆగు! ఆపు! రద్దు!" సత్యవేణి కన్నులో తనకు తెలిసిన ఆజ్ఞలన్నీ అరిచింది. పీత కడుపు తలుపు తెరుచుకుంది.

కాసులమ్మ ఆజ్ఞలేవీ ఇవ్వలేదు. బుట్టలో పీతను ఎలా పట్టుకుంటారో అలాగే వెనకనుంచి వెళ్ళి, గిట్టలు అందని చోట డిప్ప కింద చేతులు దూర్చి, వరాల్ని కూడా పట్టమని కేకేసి, ఒక్క ఊపున దాన్ని వెల్లకిలా తిప్పేసింది. పీత కాళ్ళు గాల్లో ఆడిస్తూ, దారికి ఆటంకం ఏర్పడిందని మర్యాదగా ప్రకటించసాగింది.

"నోర్ముయ్యెహె," అంది కాసులమ్మ, గిట్టల మధ్యనుంచి డబ్బా లాక్కుంటూ.

తాడు సగం లోపలుంది. సత్యవేణి పీత కడుపులో చెయ్యి పెట్టి లాగింది. మోచేతి మీద చర్మం లేచిపోయింది. ముగ్గురూ ముళ్ళు లెక్కపెట్టారు. మళ్ళీ లెక్కపెట్టారు. పద్నాలుగు.

కాసులమ్మ మూత తీసి, లోపలిది అరచేతిలో పోసుకుంది. తెల్లటి గరుకు పొడి. వేళ్ళతో నలిపి, నాలిక మీద వేసుకుని ఉమ్మేసింది.

"గవ్వపొడి. పద్నాలుగు బారల్లో గవ్వపొడంటే గవ్వమెట్ట. దచ్చినం. ఏరొచ్చి కలిసే మొగ కెదురుగా. మా ఆయన అక్కడే వలేసేవోడు." ఆవిడ తలెత్తి ఆకాశం వైపు చూసింది. "ఆ గద్దలేయో ఉత్తరం మీద కదే ఎతుకుతున్నాయి."

సత్యవేణి అన్నీ కన్నులో చూపించింది. ఫణీంద్ర ఓపిగ్గా విన్నాడు.

"నాకు నమ్మకం కుదిరిందమ్మా. నా నమ్మకంతో గద్దలు తిరగవు. రికార్డులో ఈ డబ్బా చెత్త. పొద్దున మీరు ధ్రువీకరించారు, దాన్నిబట్టే ఇదీను. ఆ సాక్ష్యం మీరు వెనక్కి తీసుకుంటే రెండూ ఆపద గుర్తుల కిందకి మారతాయి. ఆ క్షణమే తిప్పేస్తాను."

"తీసుకుంటున్నాను."

"కన్ను కారణం అడుగుతుంది. అది చెప్పండి చాలు."

కన్ను అడిగింది. "ఒకటి, సాక్షి పొరపాటు. రెండు, కన్ను పొరపాటు."

ఒకటి నొక్కితే సాక్షి పదవి పోతుంది. పేరు నెల రోజులు గోడ మీద అన్నిటికన్నా పైన ఉంటుంది. రెండు నొక్కితే కెమెరాను మరమ్మతుకు పంపుతారు. ఆలోచించడానికి ఇది వేళ కాదని సత్యవేణి తనకు తను చెప్పుకుంది. నిజమే. కానీ వేలికి రెండు అంకెలూ ఒకే దూరంలో ఉన్నాయి. ఆమె రెండు నొక్కింది.

కాసులమ్మకు చదువు రాదు. అంకెలు వచ్చు. కోడలి వేలు ఎక్కడ ఆగిందో చూసి, తల తిప్పి సముద్రం వైపు చూస్తూ నిలబడింది.

గద్దలు దక్షిణానికి తిరిగాయి. ఆ తర్వాతి రెండు గంటలూ ముగ్గురిలో ఎవరూ ఇసక మీదనుంచి లేవలేదు. ఒంటిగంట దాటాక ఫణీంద్ర గొంతు వినబడింది. "పడవ కనబడింది. ముగ్గురున్నారు. ఒకరు కదలడం లేదు." ఆ ఒకరు ఎవరో చెప్పడానికి గద్దలకు అంత దగ్గరి చూపు లేదు. వరాలు కాసులమ్మ చెయ్యి పట్టుకుని, రక్షణ పడవ రేవుకొచ్చే దాకా వదల్లేదు.

నాలుగింటికి కామేశు తన కాళ్ళ మీదే దిగాడు. పెదాలు పగిలి నల్లబడ్డాయి. అతని వెనక, తోడు వెళ్ళిన ఇద్దరిలో ఒకడైన సింగయ్యను స్ట్రెచర్ మీద దించారు. అరవై ఏళ్ళ మనిషి, ఎండదెబ్బకు స్పృహ లేదు. ఆసుపత్రి బండిలో ఎక్కిస్తుంటే, బతికే అవకాశం ఉందా అని ఎవరో అడిగారు. డాక్టరమ్మ ఒక్క రోజు ముందయితే చెప్పగలిగేదాన్నని అంది.

ఆ మాట విని కామేశు ఇసకలో కూర్చుండిపోయాడు.

"ఒక్క రోజు ముందే ఏసేవోణ్ణి," అన్నాడు. "ముళ్ళేసి, గవ్వపొడి కూరి, అంతా సిద్ధం సేసేం. ఇసరడానికి సెయ్యాడలేదమ్మా. ఆనవాలుగుండె మళ్ళీ పలుకుతాదేమో, ఎవరో వత్తారేమో, ఊరికే మూడు డబ్బాలేసి గోడెక్కడం దేనికని. వదిన కంటపడితే ఊరంతా నవ్వుతాదని. సింగయ్య బాబాయి కూడా ఒద్దన్నాడు. ఒక పగలూ రాత్రీ డబ్బాలు ఒళ్ళో ఎట్టుకుని కూకున్నాం."

జనంలో కోపం పుట్టడానికి ఎక్కువ సేపు పట్టలేదు. "కబురుకీ సెత్తకీ తేడా తెలీని గుడ్డి కన్ను!" అన్నారు. "పగలగొట్టండి దాన్ని," అన్నారు. ఫణీంద్ర చేతులెత్తి, కన్ను పొరపాటని రికార్డయిందనీ, ఈ రకం కెమెరాలన్నీ వెనక్కి పంపిస్తారనీ సర్ది చెప్పాడు. సమయానికి పసిగట్టినందుకు సత్యవేణి గారికి ఊరు రుణపడి ఉందన్నాడు. చప్పట్లు కొట్టారు. వరాలు వచ్చి ఆమెను కౌగిలించుకుని, "పొద్దున ఏదేదో అనేసేను, మనసులో ఎట్టుకోకక్కా," అని ఏడ్చింది.

సత్యవేణి అత్తగారి వైపు చూసింది. కాసులమ్మ కొడుకు నోట్లో చెంచాతో నీళ్ళు పోస్తోంది. ఆవిడ చెప్పదు. ఈ జన్మలో ఎవరికీ చెప్పదు. ఆ మొండితనం మీద ఆధారపడి హాయిగా బతికేయొచ్చు.

సత్యవేణి తోటికోడలి చేతులు విడిపించుకుంది.

"కన్ను పేరొక్కటే చెప్పింది," అంది. ఎవరికీ వినబడలేదు. మళ్ళీ, అందరికీ వినబడేలా అంది. "చెత్త అన్నది నేను. తాడు విసిరేసిందీ, పొడి పారబోసిందీ నేనే. ఇందాక ఒడ్డున కన్ను మీదకి నెట్టేసిందీ నేనే. నీ చెయ్యి ఆడకుండా చేసింది గోడ కాదు కామేశూ, నేను. తప్పు నాది."