ఒక్క దీర్ఘం

బస్సు కదిలింది.

లాయరమ్మ పరిగెడుతోంది.

చంకలో నల్లకోటు. చేతిలో ఒక చెప్పు. రెండోది ఎక్కడ తెగి పడిందో తెలియదు. వానకి చిత్తడైపోయిన బస్టాండు. చీకటి. ముందు ఎర్రలైట్లు... దూరమైపోతున్నాయి.

వెనక అద్దంలోంచి ఒక ముసలి మొహం ఆమెను చూసింది. చూసి, సీటు కిందికి వంగింది.

ఆయనే!

బెంచి గుమాస్తా. హత్యకు గురైన జడ్జిగారి కొలువులోనే తల నెరిసిపోయిన మనిషి. రేపు పొద్దున సాక్షి బోనులో నిలబడాల్సిన మనిషి. సంచి సర్దుకుని ఊరు దాటిపోతున్నాడు!

లాయరమ్మ బస్సు రేకు మీద అరచేత్తో బాదింది. కండక్టర్ తల బయటపెట్టి, వెనక ఇంకో బస్సు ఉందిగా, చావడానికి అంత తొందరేమిటని తిట్టాడు.

ఇంకో బస్సు ఉంది.

ఇంకో సాక్షి లేడు.

గేటు దగ్గర లారీ అడ్డం వచ్చింది. బస్సుకి బ్రేకు పడింది. అంతే... ఒక్క గెంతు!

తడిసిన కోడిలా వగరుస్తూ వెళ్ళి గుమాస్తా పక్కన కూలబడింది. ఆయన సంచి లాక్కుని తన ఒళ్ళో పెట్టుకుంది.

"ఎక్కడికి బాబాయ్?"

ముసలాయన పెదాలు బిగించుకుని కిటికీలోంచి బయటికి చూశాడు.

కేసంతా ఆ పెదాల మీదే వేలాడుతోంది మరి.

జడ్జిగారిని ఆయన ఇంట్లోనే, రాసుకునే గదిలో, ఎవరో తల పగలగొట్టి చంపారు. ఫైళ్ళు పట్టుకొచ్చిన ఈ గుమాస్తా ఒళ్ళోనే ఆయన ప్రాణం పోయింది. పోతూపోతూ జడ్జిగారన్నది ఒకే ఒక్క మాట.

పోలీసు కాగితంలో ఆ మాట "మనవడే".

మనవడు అక్కడే ఉన్నాడు. కాలేజీ కుర్రాడు. చొక్కా నిండా తాత రక్తం. లేవదీయబోతే అంటిందన్నాడు. ఎవరు నమ్ముతారు? పైగా పోలీసులు ఒక కథ అల్లారు. ఆ కుర్రాడు కారుతో ఎవరినో గుద్ది పారిపోయి వచ్చాడట. జడ్జిగారు తానే వాణ్ని స్టేషన్‌కి ఈడ్చుకెళ్తానన్నారట. గుద్దిన కారు దొరకలేదు, గుద్దించుకున్న మనిషీ దొరకలేదు. కథ మాత్రం ఉంది.

జడ్జిని చంపినవాడి తరఫున నిలబడి రోజూ జడ్జిల మొహం ఎలా చూస్తామని పేరున్న లాయర్లంతా తప్పుకున్నారు. లాయరమ్మ తప్పుకోలేదు. జైల్లో మొదటిసారి కలిసినప్పుడే ఆ కుర్రాడు ఊచల వెనకనుంచి "అక్కా" అన్నాడు. తోడబుట్టినవాళ్ళు లేని మనిషి ఆమె. ఆ పిలుపుకి కరిగిపోయింది.

ఆ తర్వాత గుమాస్తా బోనెక్కాడు. చెప్పిందే చెప్పాడు. కానీ నోరు జారాడు. ఆయన నోటివెంట వచ్చింది "మనవడే" కాదు.

"మనవాడే!"

ఒక్క దీర్ఘం!

టైపిస్టు మాత్రం పోలీసు కాగితం చూసి పొట్టిగానే కొట్టేసింది.

మనవడంటే మనవడే. మనవాడంటే మనలో ఒకడు! జడ్జి తన గుమాస్తాతో "మనవాడే" అన్నాడంటే ఎవరు? ఇద్దరికీ కావలసినవాడు. కోర్టువాడు! డ్రైవరో, బంట్రోతో, గుమ్మం దగ్గర కాపలావాడో... పోలీసులు వాళ్ళలో ఒక్కణ్నీ పిలిచి అడిగిన పాపాన పోలేదు.

ఆ దీర్ఘాన్ని కాగితం ఎక్కించడానికి లాయరమ్మకి తల ప్రాణం తోకకొచ్చింది. పిటిషన్ వేస్తే వాయిదా. వాయిదాకి వెళ్తే సెలవు. సెలవయ్యాక వెళ్తే ఫైలు కనబడలేదన్నారు. కొత్త జడ్జి కళ్ళజోడు పైనుంచి చూసి, చెవి పొరబడుతుంది గానీ కాగితం పొరబడదమ్మా అన్నాడు. ప్రాసిక్యూటర్ అయితే వరండాలో ఎదురుపడినప్పుడల్లా, "ఏమ్మాఆఆ... దొరికిందాఆఆ?" అని దీర్ఘాలు తీసేవాడు. పక్కనున్న జూనియర్లు కిసుక్కుమనేవాళ్ళు.

గోడకి చెప్పుకున్నా ఈపాటికి గోడ కరిగేది!

చివరికి, గుమాస్తాని మళ్ళీ పిలవడానికి ఒప్పుకున్నారు. ఒప్పుకున్న మర్నాడే ఈయన మాయం.

"ఎవరైనా బెదిరించారా?" అంది, గొంతు తగ్గించి.

గుమాస్తా తల అడ్డంగా ఊపాడు.

"నన్నొదిలెయ్యమ్మా. ఆ మాట చెప్పినా తప్పే, చెప్పకపోయినా తప్పే."

"అబద్ధం చెప్పమన్నానా?"

"నిజమే చెప్పమంటున్నావు. నా భయం అదే."

లాయరమ్మ చెవికెక్కింది ఒక్క మాటే. భయం! భయపడుతున్నాడంటే... భయపెట్టేవాడు ఒకడున్నాడు. అసలు హంతకుడు!

తరువాతి స్టాపులో ముసలాయన్ని దింపేసింది. ఆయన ఇంటికి పంపలేదు. నేరుగా తన పిన్ని ఇంటికి తీసుకెళ్ళి, కేసు తేలేదాకా ఈ మనిషిని గడప దాటనివ్వొద్దని చెప్పింది. పిన్ని ఒంటరి మనిషి. మాట్లాడేందుకు ఒకరు దొరికారని సంబరపడింది.

పొద్దున్న.

బోను. కిక్కిరిసిన హాలు. పైన ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది.

"జడ్జిగారు చివరగా అన్న మాట, అన్నది అన్నట్టు చెప్పండి."

"మనవాడే."

"దీర్ఘం ఉందా?"

"ఉందమ్మా. కానీ అయ్యగారు ఆ మాట..."

"ఉందా, లేదా?"

"ఉంది. ఒక్క ముక్క చెప్పనివ్వండి..."

"అడిగినదానికే జవాబు!"



ఆ మాట నిజానికి లాయరమ్మది కాదు. చనిపోయిన జడ్జిగారిది. కొత్తగా కోటు వేసుకున్న రోజుల్లో ఆమె ఒక సాక్షిని నోటికొచ్చిందల్లా వాగనిచ్చి, గెలిచే కేసు పోగొట్టుకుంది. ఆయన నిండు కోర్టులో కడిగేశాడు. సాక్షి నోటికి గేటు నువ్వేనమ్మా, అడిగినంతే తెరువు అన్నాడు. అప్పట్నుంచి ఆమె ఏ సాక్షికీ గేటు బార్లా తెరవలేదు.

ఆ ముక్కేమిటో ప్రాసిక్యూటర్ లేచి అడగొచ్చు. లేవలేదు. ఒక అక్షరానికి ఇంత రాద్ధాంతమా అన్నట్టు వాచీ చూసుకుంటున్నాడు.

టైపిస్టు వేళ్ళు టకటకమన్నాయి. దీర్ఘం పడింది!

బయట వరండాలో గుమాస్తా ఆమె కోటు అంచు పట్టుకున్నాడు. తర్వాత మాట్లాడదాం బాబాయ్ అంది. సాయంత్రం పిన్ని ఇంటినుంచి ఫోన్ చేశాడు. వాదనలు రాసుకుంటున్నాను, తర్వాత అంది. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు. ఇన్నాళ్ళూ ఒక్క ముక్క చెప్పవయ్యా అంటే పారిపోయిన మనిషి, ఇప్పుడు వదలడేమిటని విసుక్కుంది.

తీర్పు రోజు వచ్చింది.

అనుమానానికి చోటుంది గనక... నిర్దోషి!

హాలంతా గోల. కుర్రాడు వచ్చి ఆమె కాళ్ళమీద పడ్డాడు. ఆమెకి కళ్ళు చెమర్చాయి. ప్రాసిక్యూటర్ ఫైళ్ళు సర్దుకుంటూ ఇటు చూడలేదు. ఆ మొహం చూశాక, ఇన్నాళ్ళు తిరిగిన అలుపంతా తీరిపోయింది.

కుర్రాడు కళ్ళు తుడుచుకుని, గుమాస్తా తాత ఎక్కడున్నాడని అడిగాడు. ఆయన ఇంటికి తాళం ఉందని ఎవరో చెప్పారట. ఆయనే నోరు విప్పకపోతే నేనివాళ బయటికి వచ్చేవాణ్ని కాదు, కాళ్ళకి దణ్ణం పెట్టుకోవాలన్నాడు.

పిన్ని ఇంటి గుర్తులు చెప్పింది. దారిలో చెట్టు పక్క నీలం గేటని కూడా చెప్పింది. పిన్నికి ఫోన్ చేసి, మా తమ్ముడిలాంటివాడు వస్తాడు, కాస్త కాఫీ ఇవ్వమంది.

చీకటిపడే వేళకి ఆమె కూడా కారులో పిన్ని ఇంటికి బయల్దేరింది. రైల్వే గేటు పడింది. ముందు లారీ. వెనక బస్సు. కదలడానికి లేదు.

ఫోన్ మోగింది. గుమాస్తా! సరేలే... ఇప్పుడైనా విందాం.

"గెలిచావటగా అమ్మా."

"మీ చలవే బాబాయ్. ఇప్పుడు చెప్పండి, ఆరోజు ఏదో అనబోయారు."

అవతల నిట్టూర్పు.

"పసివాడప్పుడు ఆ కుర్రాడికి నోరు తిరిగేది కాదు. నేను నీ మనవాణ్ని తాతా అనేవాడు. అయ్యగారికి అది ముద్దు. అప్పట్నుంచి ఆయనా అలాగే అనేవారు. మనవాడు తిన్నాడా... మనవాడు లేచాడా... ఆ ఇంట్లో మనవాడంటే వాడొక్కడే."

లాయరమ్మ ఫోన్ రెండో చెవికి మార్చుకుంది.

"మరి... పోలీసులకి?"

"దీర్ఘం పెట్టి చెబితే ఇంకెవరో అనుకుంటారని, నేనే పొట్టిచేసి చెప్పాను. దేవుడి మీద ప్రమాణం చేయించి అడిగితే ఎలా దాచను? అందుకే పారిపోయాను. బోనులో చెప్పబోయాను, నువ్వు చెప్పనివ్వలేదు. ప్రాసిక్యూటరుగారి ఆఫీసుకి ఫోన్ చేశాను. నీ సాక్ష్యం అయిపోయింది, పెట్టెయ్యమన్నారు."

గుమాస్తా ఆగలేదు. కారు గొడవా నిజమేనట. తాతా మనవళ్ళ కేకలు గుమ్మంలోంచి తన చెవులతో విన్నాడట, పోలీసులకి చెబితే కాగితం ఎక్కించలేదట. తను విన్నట్టు ఆ కుర్రాడికీ తెలుసట.

విన్నాడు! అన్నీ విన్న మనిషి... ఒక్క మాటే విన్నాడని ఆమే గీత గీసింది!

"బాబాయ్! తలుపు వేసుకోండి! ఎవరొచ్చినా..."

రైలు వచ్చింది.

గూడ్సు బండి. పెట్టె తర్వాత పెట్టె. ఆమె కేక ఆ చప్పుడులో కలిసిపోయింది. ఫోన్ చెవికి అదుముకుంది. ఎక్కడో పిన్ని గొంతు... రా నాయనా, నీ గురించే చెప్పింది, కూర్చో, కాఫీ తెస్తాను...

హారన్ మీద పిడికిలితో గుద్దింది. ముందు లారీవాడు చెయ్యి బయటపెట్టి, రైలుని తోసుకుని పొమ్మంటావా అన్నట్టు ఊపాడు.

పెట్టెలు... ఇంకా పెట్టెలు...

చివరి పెట్టె దాటింది. ఒక్కసారిగా నిశ్శబ్దం.

ఫోన్‌లో ఏదో బరువైనది కిందపడిన చప్పుడు. ఆ తర్వాత... ఊపిరి. ముసలివాళ్ళ ఊపిరి కాదు.

"అక్కా."

రైల్వే గేటు పైకి లేచింది.

"ఇంకో కేసుందక్కా. ఇదీ నువ్వే చూడాలి."