మేడ మీద రెండో మిషన్

అది రెండువేల పద్దెనిమిది. వాన పట్టుకుంటే వదలని రోజులు.

ఆ వీధిలో చీకటిపడ్డాక అచ్చాపీసు ముందు నడిచేవాళ్ళు తల పైకెత్తేవారు కారు. ఎత్తితే మేడ మీద మూలగది కిటికీ కనిపిస్తుంది. ఆ గదిలో మనిషి లేక తొమ్మిది నెలలు. అయినా కొన్ని రాత్రుళ్ళు ఆ అద్దం వెలిగేది... దీపం వెలుగు కాదు. చచ్చిన చేప పొట్టలా పాలిపోయిన నీలం.

మాటలు కూడా వినిపించేవట.

మొదట విన్నవాడు బైండరు. పని ఎక్కువైనప్పుడు ఇంటికి పోకుండా కింద కాగితం కట్టల మీదే నడుం వాల్చేవాడు. ఒక పొద్దున జిగురు గిన్నె పట్టుకుని వచ్చి, కోడలి దగ్గర గొంతు తగ్గించాడు.

"పెద్దాయన గొంతేనమ్మా... ఒక్కో అక్షరం అంటాడు. ఆగుతాడు. ఆ తర్వాత—"

"ఆ తర్వాత?"

"ఇంకేదో... సన్నగా... అదే అక్షరం తిరిగి అంటుంది."

"నీకు నిద్ర తక్కువై చెవులు ఎక్కువయ్యాయి బాబాయ్. వెళ్ళి జిగురు కాచుకో."

కోడలు అంటే ఆ పెద్దాయన కోడలే. అచ్చాపీసు ఆయనది. ఆయన పోయాక అచ్చుయంత్రం కొడుకు చేతికి, కంపోజింగ్ కోడలి చేతికి వచ్చాయి. కొడుక్కి కంప్యూటరంటే పాముపుట్ట, దరిదాపులకు రాడు. అత్తగారు పొద్దస్తమానం వరండాలో కూర్చుని అచ్చయిన కాగితాలు మడతపెట్టేది. కాగితం తిన్నగా ఉందో తలకిందులుగా ఉందో బొమ్మను బట్టి పోల్చుకునేది. అచ్చాపీసు యజమాని భార్యకు అక్షరం ముక్క రాదు. దీపం కింద చీకటి అని వీధిలో నవ్వుకునేవాళ్ళు, ఆవిడ లేనప్పుడు.

కోడలు దెయ్యాలకు జడిసే మనిషి కాదు. ఆమెను పీడించే దెయ్యం వేరే ఉంది. అది పట్టపగలే కనిపించేది. కంపోజింగ్ గదిలో, కంప్యూటర్‌లో, కాపురం పెట్టి కూర్చుంది.

ఆ వానల్లో అచ్చు కావలసింది ఒక వాచకం. పగలంతా కష్టం చేసి రాత్రిబడికి వచ్చే పెద్దవాళ్ళ కోసం పెద్దాయనే రాసిన పుస్తకం, నలభై రెండు పాఠాలు. రాత్రిబడి పంతులమ్మకు మాటిచ్చి, అచ్చు చూడకుండానే పోయాడు. సోమవారం బడి తెరుస్తున్నారు. పంతులమ్మ ఉండేది వేరే ఊళ్ళో. శుక్రవారం పొద్దున ఎనిమిదింటికల్లా ఆఖరి పేజీలు నెట్‌లో ఆవిడకు అందాలి, ఆవిడ చూసి సరే అనాలి, అప్పుడు గాని యంత్రం తిరగదు.

"మూడువందల మందమ్మా," అంది పంతులమ్మ ఫోనులో. "పుస్తకం లేకుండా వట్టి చేతులతో కూర్చున్నవాళ్ళు మూడో రోజు రారు. ఈ వయసులో బడికి రావడానికి వాళ్ళకు సిగ్గు. ఒక వంక దొరికితే చాలు."

పేజీలు సిద్ధం. పంపడమే గగనం.

మెయిల్ తెరుద్దామని నొక్కితే తెర నిండా రంగుల చక్రం ఒకటి గిర్రున తిరిగేది. "మీరే! మీరే గెలిచారు!" అంటూ ఒక ఆడగొంతు పకపకా నవ్వేది. ఏమి గెలిచిందో ఆ దేవుడికే ఎరుక. మూసేస్తే ఇంకోటి. బ్రౌజర్ మొదటి పేజీ మార్చి పెడితే రెప్పపాటులో మళ్ళీ చక్రమే. సెట్టింగుల్లోకి పోయి ఒక్కోటీ సరిచేసి పడుకుంటే తెల్లారేసరికి అన్నీ వంకర. ఎవరో రాత్రిపూట వంటింట్లో దూరి, డబ్బాలన్నీ తారుమారు చేసి, ఏమీ ఎరగనట్టు తలుపు దగ్గరగా వేసి పోయినట్టుండేది.

మెకానిక్‌ని పిలిచింది. నడివయసు మనిషి. చెవి మీద పెన్సిల్ పెట్టుకున్నట్టు స్క్రూడ్రైవర్ పెట్టుకుని తిరుగుతాడు కాబట్టి అందరికీ అతను స్క్రూ.

మొదటిసారి వచ్చి బ్రౌజర్ పీకేసి కొత్తది వేశాడు. పొద్దునకల్లా చక్రం.

రెండోసారి యాంటీవైరస్ పెట్టి గంటన్నర గాలించాడు. పొద్దునకల్లా చక్రం.

మూడోసారి పేజీలన్నీ పక్కకు తీసి, మిషన్‌ని మొత్తం ఫార్మాట్ చేశాడు. పుట్టిన బిడ్డలా ఉంది ఇప్పుడు, అన్నాడు. ఆ బిడ్డ పొద్దునే లేచి పకపకా నవ్వింది.

శుభ్రం చేసిన ప్రతిసారీ చివర ఒక పని ఉండేది. మిషన్‌ని పెద్దాయన పేరుతోనే తెరవాలి. వచ్చే ఉత్తరాలన్నీ ఆ పేరుకే వస్తాయి. అంతకుమించి అత్తగారి పట్టు. "బోర్డు మీద పేరు మార్చారు, నేనేమన్నా అన్నానా? దీంట్లో అయినా ఆయన్ను ఉండనివ్వండి," అంది. అందుకని కోడలు ఆ పేరు కొట్టేది, పాస్‌వర్డ్ కొట్టేది. స్వాగతం, అని పోయిన మనిషిని పిలిచేది మిషన్.

"ఇదే పేరుతో ఇంకో మిషన్ ఏమైనా నడుస్తోందా చెల్లెమ్మా?" అని మూడోసారి అడిగాడు స్క్రూ.

"ఇంకోటి ఎక్కడిది అన్నయ్యా? మావయ్య ల్యాప్‌టాప్ ఆయనతోపాటే మూలగదిలో మూతపడింది."

గురువారం సాయంత్రం పేజీలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, వానలో తడుస్తూ, రెండు వీధుల అవతల నెట్ సెంటర్‌కు పోయింది. వాడు ఆమెను చూడగానే కంప్యూటర్‌కు చెయ్యి అడ్డం పెట్టాడు.

"మీ మిషన్‌లోదేనా అది? వద్దక్కా. ఊరంతా తెలుసు. పిల్లలు గలవాణ్ణి."

"దీనికీ పిల్లలకీ ఏమిటయ్యా సంబంధం?"

"ఏమో అక్కా. నాకెందుకు?"

తిరిగొచ్చి తడిచీరతోనే కంప్యూటర్ ముందు కూర్చుంది. ఏడైంది. తొమ్మిదైంది. భర్త వచ్చి గుమ్మంలో నిలబడి, ఆమె మొహం చూసి, ఏమీ అడగకుండానే పోయి పడుకున్నాడు. అత్తగారి గది దీపం ఆరిపోయింది. పదకొండు దాటాక, స్క్రూ శుభ్రం చేసి పోయిన మిషన్ మీద, మెయిల్ ఒక్క క్షణం తెరుచుకుంది. ఆమె పేజీలు పెట్టబోయింది—

"మీరే! మీరే గెలిచారు!"

కీబోర్డును రెండు చేతులా ఎత్తి బల్ల మీద వేసి కొట్టింది. రెండు మీటలు ఊడి గదిలోకి దొర్లాయి. తర్వాత తనే వంగి, బల్ల కింద తడుముకుని, వాటిని ఏరుకుని మళ్ళీ నొక్కి పెట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఫోన్ తీసింది.

"పడుకున్నాను చెల్లెమ్మా..."

"లే."

స్క్రూ లేచాడు. ఆవలిస్తూ చెప్పాడు. "తెర పైఅంచున పెద్దాయన పేరుంది కదా, అది నొక్కు. కిందికి పో... ఇంకా కిందికి. ఆ పేరుతో తెరిచిన మిషన్లని ఉంటుంది. ఎన్నున్నాయి?"

"...రెండు."

ఆవలింత ఆగిపోయింది. "ఒకటి నీ ఎదురుగా ఉన్నది. రెండోదాని పక్కన ఏం రాసుంది?"

ఆమె తెరకు దగ్గరగా వంగింది.

"చెల్లెమ్మా?"

"ఇప్పుడు... వాడుతున్నారు... అని."

వాన ఒక్క నిమిషం తెరిపిచ్చింది.

పైన... సరిగ్గా ఆమె నెత్తిమీద... కుర్చీ జరిగిన చప్పుడు.

"వెళ్ళకు," అన్నాడు స్క్రూ గుసగుసగా. "పొద్దున నేనొస్తాను. వెళ్ళకు."

"పొద్దున ఎనిమిదింటికి పేజీలు పోవాలి."

"దెయ్యమైతే?"

"దెయ్యమైతే దాన్నే పంతులమ్మకు జవాబు చెప్పుకోమంటాను."

ఫోను చేత్తో పట్టుకునే మెట్లెక్కింది. చెప్పులు విప్పేసింది. నాలుగో మెట్టు... ఏడో మెట్టు... మూలగది తలుపు కింద నీలపు గీత. వాన మళ్ళీ అందుకుంది. ఆ హోరులో గొంతు ఒకటి. మగ గొంతు. ఏమంటోందో తెలియదు... ఆగింది. దాని వెనకే ఇంకోటి, సన్నగా, వణుకుతూ—

పై మెట్టు కిర్రుమంది.

అన్నీ ఆగిపోయాయి.

ఆమె తలుపు తోసింది. గడియ పెట్టి లేదు. లోపల ఎవరూ లేరు. డాబా వైపు తలుపు గాలికి కొట్టుకుంటోంది, గుమ్మం దాకా జల్లు పడుతోంది. బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. తెర నిండా... చక్రం. తిరుగుతోంది. కుర్చీ మీద చెయ్యి వేసింది.

వెచ్చగా ఉంది.

అక్కడి నుంచి పరిగెత్తాలి. ఇంకెవరైనా పరిగెత్తేవారే. ఆమెకు మాత్రం భయం కంటే ముందు కోపం వచ్చింది. నెల రోజుల కోపం. కుర్చీ వెచ్చగా ఉంటే ఉండనీ అనుకుని, ఆ వెచ్చటి కుర్చీలోనే కూర్చుంది.

"ఇక్కడే ఉంది అన్నయ్యా దరిద్రం. ఇది తెరిచినప్పుడల్లా దీని రోగం ఆ పేరు పట్టుకుని కిందికి దిగుతోంది. అంతేనా?"

"అంతే. ఒకే పేరు కదా, ఇక్కడ మారితే అక్కడా మారుతుంది. ముందు దాన్ని మొత్తం తుడిచెయ్యి. తర్వాత కిందిది తుడిచి, నీ పేరుతో తెరువు. ఇక ఆ పేరు వద్దు." కాస్త ఆగి అన్నాడు. "అందులో కావలసినవేమైనా ఉన్నాయేమో, ముందు చూసుకో."

"ఏముంటాయి? తొమ్మిది నెలలుగా మూలపడ్డ మిషన్."

చక్రం వెనక చిన్న కిటికీ ఒకటి సగం కనిపిస్తోంది. అందులో పచ్చటి త్రికోణం. అదీ ఆ నవ్వులమారిదే అనుకుంది.

అన్నీ తీసెయ్యమంటారా, అని అడిగింది మిషన్. ఔను, నొక్కింది. తీసేస్తే మళ్ళీ తిరిగి రావు, ఖాయమేనా? చదివింది. ఔను, నొక్కింది.

తెర నల్లబడింది. డాబా మీద, వానలో, ఎవరో వెక్కినట్టనిపించింది. చూరు నీళ్ళనుకుంది.

తెల్లవారుజాము నాలుగింటికి పేజీలు వెళ్ళాయి. ఏ చక్రమూ తిరగలేదు. ఏడున్నరకు పంతులమ్మ జవాబు వచ్చింది. "సరే. అచ్చు వేయండి." భర్త యంత్రం ఆన్ చేశాడు. గోడలు అదిరాయి. బైండరు చిరునవ్వు నవ్వాడు. కోడలు గుమ్మానికి ఆనుకుని, నెల రోజుల తర్వాత మొదటిసారి, కాఫీ వేడివేడిగా తాగింది.

అత్తగారు అప్పుడు వచ్చింది. జుట్టు ఇంకా తడిగా ఉంది. కొంగు కింద ఏదో దాచి పట్టుకుంది.

"అమ్మాయ్... పైన ఆ పెట్టె పలకడం లేదే."

"ఏ పెట్టె అత్తయ్యా?"

"మీ మావయ్యది. పచ్చది నొక్కినా పలకడం లేదు."

కోడలి చేతిలో గ్లాసు ఆగిపోయింది. ముసలావిడ కొంగు కింది నుంచి పలక తీసింది. దాని మీద వంకరటింకరగా, పెద్దపెద్దగా, నాలుగు మాటలు. అక్షరాలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

"పాఠాలన్నీ చదివి అందులో పెట్టి పోయారే నా కోసం. పగలు మడతలు పెట్టేటప్పుడు నవ్వుతారని, రాత్రిపూట నేర్చుకోమన్నారు. నాకు చదవడం రాదు గదా, పచ్చది నొక్కితే నేను మాట్లాడతాను, అన్నారు. ఏం వచ్చినా పచ్చదే నొక్కాను. మధ్యలో అదెవరో నవ్వేది... అది నవ్వినా, పచ్చది వెతికి నొక్కేదాన్ని."

కోడలు పలక మీది మాటలు చదివి అడిగింది. "రాత్రి... మీరెక్కడున్నారు అత్తయ్యా?"

"డాబా మీద. నీ అడుగుల చప్పుడు విని పోయి నిలబడ్డాను. ఈ వయసులో పలకా బలపమా అని నువ్వంటావేమోనని..." ముసలావిడ పలకను కొంగుతో తుడవబోయి, ఆగింది. తుడవలేదు. "నువ్వు ఏదో నొక్కుతున్నావు. తెర మీద ఏం రాసుందో నాకేం తెలుసు?"

లోపల యంత్రం లయగా కొట్టుకుంటోంది. పేజీ తర్వాత పేజీ పడుతోంది.

పోయిన పాఠాలు తిరిగి దొరుకుతాయేమోనని స్క్రూ ఆ ల్యాప్‌టాప్‌ని పట్టుకుపోయి రెండు రోజులు తన దగ్గర పెట్టుకున్నాడు. తిరిగి తెచ్చినప్పుడు అతని చెవి మీద స్క్రూడ్రైవర్ లేదు. బల్ల మీద పెట్టి, అత్తగారి వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మూలగది కిటికీ వెలగలేదు. వీధిలో జనం తల ఎత్తుకునే నడిచారు.

సోమవారం పొద్దున మూడువందల వాచకాలు రాత్రిబడికి చేరాయి. ఒక్కోదానిలో నలభై రెండు పాఠాలు. పెద్దాయన గొంతులో అత్తగారు విన్నవి ఇరవై ఆరు.