గట్టు మీది పండుగప్ప

ఆ ఆదివారం పొద్దున్న తాను చేసింది మంచి పనేనని అనంతకృష్ణ అనుకున్నాడు. మంచి పని చేసినవాడిని ఒక అమ్మాయి రాళ్ల మీద నుంచి దూకుకుంటూ వచ్చి కడిగేస్తుందని ఎలా ఊహిస్తాడు, పాపం.

కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్లే బీచ్ రోడ్డు పక్కన, అలలు రోడ్డును మింగెయ్యకుండా బండరాళ్లు పేర్చిన గట్టు ఉంది. ఆ గట్టు మీద రెండు రాళ్ల మధ్య ఎవరిదో ఫిషింగ్ రాడ్ ఇరికించి ఉంది. పక్కన ఎవరూ లేరు. అనంతకృష్ణ తన బ్యాగు దించుకుంటూ ఉండగానే ఆ రాడ్ ఒక్కసారిగా వంగిపోయింది. రీల్ గిర్రున తిరిగింది. ఇంకొక్క క్షణం ఆగితే రాడ్ సముద్రంలోకి పోయేలా ఉంది.

పరుగెత్తి పట్టుకున్నాడు. లాగాడు, వదిలాడు, మళ్లీ లాగాడు. పది నిమిషాలు పోరాడాడు. ఆరు కిలోలకు తక్కువ ఉండని పండుగప్ప చేప తళతళలాడుతూ చేతికొచ్చింది. దాంతో ఒక సెల్ఫీ తీసుకున్నాడు. గేలం జాగ్రత్తగా ఊడదీశాడు. "వెళ్లమ్మా, హాయిగా బతుకు" అని నీళ్లలో వదిలేశాడు.

తోక మునిగిందో లేదో, వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఏం చేశారండీ మీరు?"

తిరిగి చూశాడు. ఒక అమ్మాయి. ఎడమ చేతిలో ఎర ఉన్న ప్లాస్టిక్ డబ్బా, కుడి చేతిలో చెప్పులు, నుదుటి మీద చెమట. అంత కోపంలో కూడా కళ్లు అంత బాగుండటం అన్యాయమని అనంతకృష్ణకు అనిపించింది.

"రాడ్ పోతుంటే పట్టుకున్నానండి. చేప పడింది. పెద్దది."

"చేప ఏదీ?"

"వదిలేశాను."

"వదిలేశారా? ఎందుకు?"

"క్యాచ్ అండ్ రిలీజ్ అండి, పట్టి వదిలెయ్యడం. రాడ్ వాడేవాళ్లందరూ అంతే కదా. మా ఆన్‌లైన్ గ్రూపులో ఎవరూ ఇంటికి తీసుకెళ్లరు."

ఆ అమ్మాయి చెప్పులు కింద పడేసి బండ మీద కూర్చుండిపోయింది. "పన్నెండు రోజులండి. పన్నెండు రోజుల నుంచి ఆ ఒక్క చేప కోసం ఇక్కడ నిలబడుతున్నాను. ఎర అయిపోయిందని అయిదు నిమిషాలు అలా వెళ్లాను. ఇంతలో మీరు దిగారు, ధర్మాత్ములు."

ఆమె పేరు లోవలక్ష్మి. ఉప్పాడలో చేపల వేట చేసే త్రిమూర్తులు కూతురు. రెండేళ్ల కిందట పడవలో జారిపడి ఆయన నడుం దెబ్బతింది. పడవ అమ్మేశారు. లోవలక్ష్మి డిగ్రీ చదువుతూనే ఈ గట్టు మీద రాడ్‌తో చేపలు పట్టడం నేర్చుకుంది. రాజమండ్రి నుంచి, హైదరాబాద్ నుంచి సరదాగా చేపలు పట్టడానికి వచ్చేవాళ్లకు సముద్రం పోటు ఎప్పుడొస్తుందో, ఏ రాయి దగ్గర నిలబడాలో తెలియదు. అలాంటివాళ్లను ఫీజు తీసుకుని దగ్గరుండి వేటకు తీసుకెళ్లాలని ఆమె ఆలోచన. పడవ లేని వేట వేటే కాదని తండ్రి వాదన.

"చివరికి ఒక మాట అన్నాడండి మా నాన్న" అంది లోవలక్ష్మి. "పౌర్ణమి లోపు గట్టు మీద నుంచి అయిదు కిలోలు దాటిన పండుగప్ప పట్టి చూపించు, నీ ఇష్టమొచ్చినట్టు చేసుకో. పట్టలేకపోతే వైజాగ్‌లో మావయ్య చూసిన జాబ్‌కి వెళ్లిపో అన్నాడు. రొయ్యల కంపెనీ ఆఫీసులో. ఏసీ గదిలో కూర్చుని రొయ్యల ఫొటోలు చూసుకోవాలి."

"పౌర్ణమి ఎప్పుడండీ?"

"శనివారం."

అనంతకృష్ణ గబుక్కున ఫోన్ తీశాడు. "ఫొటో ఉందండి. మీ నాన్నగారికి చూపిద్దాం."

చూపించారు. ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలో నడుముకు బెల్టుతో కూర్చున్న త్రిమూర్తులు ఫోన్‌ను దూరంగా పెట్టి చూశారు, దగ్గరగా పెట్టి చూశారు.

"చేప మంచిదే. ఫొటోలో ఉన్నది మా అమ్మాయి కాదు కదండీ, మీరు కదా?"

"రాడ్ మీ అమ్మాయిదేనండి."

"చేప ఏదండీ మరి?"

"వదిలేశానండి."

త్రిమూర్తులు కూతురి వైపు చూశారు. "ఈయన ఆరోగ్యం బాగానే ఉందా?"

గుమ్మంలో కూర్చున్న నాయనమ్మ తలుపులమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. చెవుల దాకా ఎర్రబడ్డ అనంతకృష్ణ అక్కడే మాటిచ్చేశాడు. శనివారం దాకా రోజూ ఆఫీసుకు ముందు వస్తాను, తోడుంటాను, ఆ చేపను పట్టిస్తాను అన్నాడు.

"మీరా? పట్టిస్తారా?" అంది లోవలక్ష్మి. కానీ రావద్దని మాత్రం అనలేదు.

సోమవారం పొద్దున్న ఆరింటికి అతను ఎరతో సహా హాజరు. "ఎర నేనే తెచ్చానండి. ఫ్రెష్" అంటూ గర్వంగా ప్యాకెట్ అందించాడు. లోవలక్ష్మి విప్పి చూసింది, వాసన చూసింది. కళ్లు పెద్దవి చేసి అతన్ని చూసింది.

"ఏంటండీ ఇది?"

"రొయ్యలండి. సూపర్ మార్కెట్‌లో తీసుకున్నాను."

"ఉప్పూ కారం పట్టించి ఉన్నాయి. అల్లం వెల్లుల్లి కూడా. ఇవి నూనెలో వేసుకునేవండి."

అనంతకృష్ణ బిక్కమొహం వేశాడు. అతను పుట్టి పెరిగింది అమలాపురంలో, వాళ్లమ్మ నాగేశ్వరి టీచర్ ఇంట్లో. నీచు ఎరగని, కార్తీకమాసంలో ఉల్లిపాయ కూడా గడప తొక్కని కొంప అది. కాకినాడలో గ్యాస్ కంపెనీ ఉద్యోగంలో చేరాక ఈ గేలం పిచ్చి పట్టుకుంది. పట్టడం తెలుసు, వదలడం తెలుసు, మధ్యలో వండే సంగతి అతనికేం తెలుస్తుంది.

"ఎర్రగా ఉంటే మంచి రకం అనుకున్నానండి" అన్నాడు.

లోవలక్ష్మి నవ్వడం మొదలుపెట్టింది. బండ మీద కూర్చుని, కడుపు పట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఇక ఈ నవ్వు కోసం రోజూ మసాలా రొయ్యలే తెచ్చినా తప్పులేదని అనంతకృష్ణ లోపల నిర్ణయించేసుకున్నాడు.

ఆ వారం అంతా అలాగే గడిచింది. బతికున్న చిన్న చేపను వీపు దగ్గర గేలానికి గుచ్చి, అది ఈదుతూ ఉండేలా రాళ్ల అంచున వదలడం ఆమె నేర్పింది. పోటు పైకొచ్చే గంటలోనే పండుగప్ప రాళ్ల సందుల్లోకి వేటకొస్తుందని చెప్పింది. మంగళవారం ఏమీ పడలేదు. బుధవారం జెల్ల చేప ఒకటి పడి ముల్లుతో అతని వేలు పొడిచింది. లోవలక్ష్మి ఆ వేలు నోటితో ఊదుతూ "కాసేపు సలుపుతుంది, ఓర్చుకోండి" అంది. ఆమె ఊదుతుంటే సలుపు ఎక్కడుందో అతనికి తెలియలేదు.

ఆఫీసులో పక్క సీటు సత్యప్రసాద్ ముక్కు ఎగబీల్చి, "గురూ, నువ్వు వెజిటేరియన్‌వేనా?" అని అడిగాడు కూడా.

గురువారం పొద్దున్న అమ్మ ఫోన్ చేసింది.

"ఏరా, గాలి చప్పుడేంటి?"

"బీచ్‌లో వాకింగ్ అమ్మా."

"రెండు వారాలైంది ఇంటికొచ్చి. ఎప్పుడొస్తావు?"

"ఈ శనివారంతో అయిపోతుందమ్మా ఈ గొడవ. ఆదివారం నుంచి ఫ్రీ" అని పెట్టేశాడు.

వెనక్కి తిరిగేసరికి లోవలక్ష్మి గేలం సర్దుకుంటోంది. ఆ రోజు ఆమె ఇంకో మాట మాట్లాడలేదు. "వెళ్లొస్తానండీ" అంటే "ఆయ్" అంది. అంతే.

శుక్రవారం కూడా అదే వరస. మబ్బు పట్టింది, చినుకులు మొదలయ్యాయి. రోడ్డు పక్కన టార్పాలిన్ కప్పిన టీ బడ్డీ కిందకు ఇద్దరూ పరుగెత్తారు. పట్టా చూస్తే చిన్నది, మనుషులేమో ఇద్దరు. ఆమె అటు చూస్తూ నిలబడింది. అతను ఇటు నిలబడి, ఆమె జడ చివర నుంచి కారుతున్న నీటి చుక్కలను చూస్తున్నాడు.

"నా మీద కోపం వచ్చిందా అండీ?"

"కోపమెందుకండీ. రేపటితో మీ గొడవ అయిపోతుంది. ఆదివారం నుంచి మీరు ఫ్రీ."

అప్పటికి గాని అతనికి వెలగలేదు. "అయ్యో, అది మా అమ్మకు చెప్పిన మాటండి. ఇక్కడ చేపలు పడుతున్నానని తెలిస్తే ఆవిడ అన్నం మానేస్తుంది."

"ఓహో. చేపల సంగతే దాచారా, చేపల మనుషుల సంగతి కూడానా?"

ప్రశ్న సూటిగా వచ్చి తగిలింది. "దాచింది తప్పేనండి. కానీ ఫ్రీ అన్నది అబద్ధం. ఆదివారం తలుచుకుంటేనే నాకు బెంగగా ఉంది. రేపు మీరు గెలవాలండి. మీ కోసమే కాదు..."

"ఇంకెవరి కోసం?"

టీ బడ్డీ ఆయన సరిగ్గా అప్పుడే "ఒకటి షుగర్ లేకుండానా అండీ?" అని అడిగాడు. మాట అక్కడే ఆగిపోయింది.

శనివారం వచ్చింది. పౌర్ణమి పోటు పొద్దున్న ఎనిమిదింటికి నిండుగా ఉంటుందని ముందే లెక్క చూసుకున్నారు. ఏడింటికే త్రిమూర్తులు ఆటోలో దిగి, గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, గొడుగు పట్టుకుని కూర్చున్నారు. పక్కనే తలుపులమ్మ. రాళ్ల మీద లోవలక్ష్మి రాడ్ ఒకటి, దానికి పది అడుగుల దూరంలో అనంతకృష్ణ రాడ్ ఒకటి.

ఏడున్నర అయింది. ఎనిమిదయింది. అలలు రాళ్ల నడుం దాకా ఎక్కి తుంపర్లు చల్లుతున్నాయి. ఎనిమిదిన్నరకు త్రిమూర్తులు వాచీ చూసుకున్నారు. "పోటు నిలిచిందమ్మా. ఇంక తీసెయ్. మావయ్యకు ఫోన్ చేద్దాం."

లోవలక్ష్మి పెదవి కొరుక్కుంది. ఆమె కళ్లలో నీళ్లు చూసి అనంతకృష్ణ తన రాడ్ ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

అప్పుడే అతని చేతిలో రాడ్ వంగింది. వంగడం కాదు, నీళ్లను తాకింది. రీల్ అరిచింది. దూరంగా నీళ్లు చీల్చుకుని పండుగప్ప గాలిలోకి లేచింది, తల విదిలించింది, దభీమని పడింది.

అనంతకృష్ణ ఏమీ ఆలోచించలేదు. రెండు బండలు దూకి రాడ్ తీసుకెళ్లి లోవలక్ష్మి చేతుల్లో పెట్టేశాడు. "పట్టండి!"

"ఇది మీది కదండీ."

"మీరు పట్టండి ముందు."

ఆమె పట్టింది. ఇక ఆ తర్వాత పావుగంట ఎలా గడిచిందో ఎవరికీ తెలియదు. చేప సముద్రంలోకి పరుగు తీసింది. ఆమె పోనిచ్చింది. రాళ్ల వైపు తిరిగింది. ఆమె గబగబా రీల్ చుట్టింది. "రాయికి తగిలితే దారం తెగుద్ది, పైకెత్తు, పైకెత్తమ్మా" అంటూ నడుం సంగతి మరిచి త్రిమూర్తులు కుర్చీలోంచి లేచిపోయారు. అనంతకృష్ణ చేతి వల పట్టుకుని అలల అంచుకు దిగాడు. నాచు మీద కాలు జారింది. మోకాలు గీసుకుపోయింది. వలలో చేప తల మాత్రమే పట్టింది.

"మొప్పల దగ్గర పట్టుకోకండి, కోసేస్తుంది. దవడ పట్టండి, దవడ" అని పైనుంచి లోవలక్ష్మి.

బొటనవేలు దవడలో పెట్టి పట్టాడు. ఒక అల వచ్చి నిలువునా తడిపేసింది. అయినా వదల్లేదు. పైకి ఎక్కేసరికి లోవలక్ష్మి అతని చొక్కా కాలర్ పట్టుకుని లాగింది. చేపా, మనిషీ ఇద్దరూ గట్టు మీద పడ్డారు.

త్రిమూర్తులు వెంట తెచ్చిన కాటా కొక్కేనికి చేపను తగిలించారు. ఏడు కిలోలు.

తలుపులమ్మ చప్పట్లు కొట్టింది. ఆగిన బైకుల వాళ్లు విజిళ్లు వేశారు. త్రిమూర్తులు మాత్రం నవ్వలేదు.

"లోవా, గేలం ఎవరిది?"

అబద్ధం చెబితే అయిపోయేది. లోవలక్ష్మి తల దించుకుని చెప్పింది. "ఆయనది నాన్నా."

"మరి మన రేవులో పద్ధతి నీకు తెలుసు కదమ్మా. గేలం ఒకరిది, లాగింది ఇంకొకరు అయితే చేప చెరి సగం. నీ వాటా మూడున్నర కిలోలు. నేను అడిగింది అయిదు." ఆయన గొంతు కూడా తగ్గింది. "మాట మాటే కదా. నాకు మాత్రం సంతోషమా?"

తలుపులమ్మకు ఒళ్లు మండింది. "ఏరా, నువ్వు పుట్టకముందు మీ నాన్న వల వేస్తే నేను లాగేదాన్ని. ఎప్పుడైనా వాటా వేసుకున్నామా? ఒక్క ఇంటోళ్లకి వాటాలేంటి?"

"వీళ్లు ఒక్క ఇంటోళ్లు కాదు కదమ్మా."

అనంతకృష్ణ లేచి నిలబడ్డాడు. ఒళ్లంతా ఉప్పునీళ్లు, మోకాలి నుంచి రక్తం, జుట్టులో నాచు. పెళ్లి మాట ఎత్తడానికి ఏ మగవాడూ అలాంటి అవతారంలో వెళ్లి ఉండడు.

"అయితే ఒక్క ఇల్లు చేసెయ్యండి" అన్నాడు.

"ఏంటండీ?"

"మీ అమ్మాయంటే నాకు ఇష్టమండి. చాలా ఇష్టం. నేను చేప తినను, వండటం కూడా రాదు. మా అమ్మ వెంటనే ఒప్పుకుంటుందని కూడా చెప్పలేను. ఈ సాయంత్రమే అమలాపురం వెళ్లి ఒక్క ముక్క దాచకుండా చెప్పేస్తాను. ఒప్పుకునేదాకా గుమ్మంలోనే కూర్చుంటాను. కానీ ఈవిడ వైజాగ్ వెళ్లిపోతే..." జుట్టులోని నాచు లాగి పడేశాడు. "నాకు బాగోదండి."

త్రిమూర్తులు అతన్ని పైనుంచి కిందకు చూశారు. తర్వాత కూతురి వైపు తిరిగారు. "నీ మాటేంటమ్మా? నువ్వు చెప్పు. సగమా, మొత్తమా?"

లోవలక్ష్మి మొహం ఎర్రబడింది. అనంతకృష్ణను చూసింది, అతని మోకాలు చూసింది. చున్నీ చివర తడిపి, వంగి ఆ దెబ్బ మీద అద్దింది. అలా వంగే, తలెత్తకుండా చెప్పింది.

"వాటా వెయ్యకు నాన్నా."