ఉత్తరపు గుమ్మం మీది రాతి పాము

ఎల్మ్‌స్టో చర్చి ఉత్తరపు గుమ్మానికి ఊళ్లో మంచి పేరు లేదు. చీకటి పడితే దాని మీది రాతి పాము చొంగ కారుస్తుందట... ముట్టుకున్నవాడికి ఆ కంపు మూడు రోజులు వదలదట.

హెస్టర్ లాంగ్‌డన్ ఇలాంటివి నమ్మే మనిషి కాదు. చర్చి శిల్పాల వయసు తేల్చడం ఆవిడ పని. ఈ గుమ్మం ఫ్రాన్సు నుంచి నార్మన్లు ఇంగ్లండు మీదికి దండెత్తి రాకముందే చెక్కిందని పదకొండేళ్లుగా వాదిస్తోంది. తోటి పండితులేమో అది ఆ తర్వాత వందేళ్లకు చెక్కిందని నవ్వుతున్నారు. ఆవిడకున్న ఆధారమల్లా ఆ పాము తలే. నార్వేలో ఓ కొయ్య చర్చి మీద వైకింగుల వారసులు నార్మన్లకి ముందటి తీరులో చెక్కిన పాముని అచ్చుగుద్దినట్టుంటుంది. తెల్లారితే పుస్తకం అచ్చుకెళ్లిపోతుంది.

దీపం పక్కవాటుగా పెడితేనే ఉలి గాట్లు తేలతాయి. అందుకే ఆఖరిసారి చూసుకుందామని ఆదివారం చీకటి పడ్డాక ఒంటరిగా వచ్చింది.

పాము దవడ కింద వేలు పెట్టింది — తడి. గోరువెచ్చని తడి... వేళ్ల మధ్య జిగటగా సాగింది. కంపు గుప్పుమంది. చెయ్యి కోటుకి తుడుచుకుంటే కోటూ కంపే.

గోడ మలుపులో ఏదో కీచుమంది...

దీపం అటు తిప్పింది. చర్చి ఊడ్చి, గంట కొట్టే ముసలి ఆల్బర్ట్ ప్రీస్. ఒక చేతిలో బకెట్, రెండో చేతిలో కుంచె.

"దీపం దించండమ్మగారూ," అని గొణిగాడు.

బకెట్‌లో ఏముందని అడిగితే నీళ్లు నములుతూ చెప్పాడు. ఆవుపేడ, పులిసిన మజ్జిగ, కాసిని వేన్నీళ్లు. పూస్తే రాతికి నాచు పట్టి పాతబడినట్టుంటుందట. వాళ్ల నాన్నా ఇలాగే పూసేవాడట.

"పాత రాయేగా... ఎందుకు?"

"తల పాతది కాదమ్మగారూ. మంచుకి పగిలి రాలిపోతే మా తాత కొత్తది చెక్కి అతికించాడు. పాదిరిగారికి తెలిస్తే పని పోతుందని దాచాం."

హెస్టర్ దీపం మళ్లీ పాము తల మీదికి తిప్పింది. "దేన్ని చూసి చెక్కాడు?"

"పాదిరిగారి పుస్తకంలో ఏదో నార్వే చర్చి బొమ్మ ఉండేదట. అది చూసి."

ఆవిడ సమాధుల మధ్య వంగి వాంతి చేసుకుంది. ఆ నాచు శతాబ్దాల నాటిదని మూడో అధ్యాయంలో రెండు పేజీలు రాసింది మరి.

"ఎవరికీ చెప్పకండమ్మగారూ," అన్నాడు ఆల్బర్ట్.

చేతిరుమాలుతో మూతి తుడుచుకుని, "చెప్పను," అంది హెస్టర్.

మర్నాడు పుస్తకం అచ్చుకెళ్లింది — అక్షరం మారలేదు. కంపు మూడు రోజులకి వదుల్తుందన్నారు గానీ... ఆవిడ ఇప్పటికీ చెయ్యి కడుక్కుంటూనే ఉందట.